డైరీనా, వాయిస్ నోటా, పక్క మనిషా, టీం మీటింగా: చేసే పని నుంచి నేర్చుకోవడానికి మీకు ఏది కుదురుతుంది

మా టీచర్లు రాసే లెసన్ ప్లాన్‌లో చివర టీచర్ రిఫ్లెక్షన్ అని ఒక గడి ఉంటుంది, అంటే పాఠం ఎట్లా జరిగిందో టీచరే వెనక్కి తిరిగి చూసుకుని రాసేది. నేను చూసిన నోట్సుల్లో చాలావాటిలో ఆ గడిలో ఒకే మాట కనిపిస్తుంది, "పిల్లలు ఆసక్తిగా పాల్గొన్నారు" అని. భిన్నాల పాఠానికీ అదే, కిరణజన్య సంయోగక్రియకీ అదే. దీనికి టీచర్లను తప్పుపట్టే పనిలేదు, ఆ నోట్సు హెచ్ఎం చూస్తారు, ఎంఈఓ (మండల విద్యాధికారి) వచ్చినప్పుడు టేబుల్ మీద పెట్టాలి, అట్లాంటి కాగితం మీద "ఈరోజు సగం క్లాసుకు అర్థం కాలేదు" అని ఎవరు రాస్తారు చెప్పండి.

చేసిన పని గురించి కాసేపు కూర్చుని ఆలోచించుకుని రేపటికి ఒక చిన్న మార్పు చేసుకోవడం నిజంగా పనికొచ్చే సంగతి, దాన్ని సరిపడని చోట సరిపడని పద్ధతిలో పెడితేనే తూతూమంత్రం అయిపోతుంది. మా అనంతపురంలో టీచర్లు, కడపలో నర్సుగా చేసే మా చిన్నమ్మ కూతురు, కర్నూలులో బైక్ సర్వీస్ సెంటర్ నడిపే ఫ్రెండు, ఇట్లా మా చుట్టూ ఉన్నవాళ్ళు తలా ఒక పద్ధతి పట్టుకున్నారు, కొందరికి కుదిరింది, కొందరు వారంలో వదిలేసినారు. అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికి ఏది అనేది కొంచెం తేలుతుందని ఇది రాస్తున్నా.

నా సలహా ముందే చెప్పేస్తా, ఓపిక ఉంటే మిగతాది చదవండి. మీ చేతి పని, మీ నైపుణ్యం మెరుగుపడాలంటే రోజూ మూడు ప్రశ్నలతో చిన్న నోటు చాలు. ఇంటికొచ్చినా మనసులోంచి పోని సంఘటన జరిగిందంటే నోటు కాదు, నమ్మకమైన మనిషి కావాల. అదే పని అదే చోట మళ్ళీ మళ్ళీ చెడుతోందంటే మీరొక్కరే ఆలోచించి లాభం లేదు, టీం మొత్తం కూర్చోవాల. ఈ మూడింటినీ కలగలిపేసి అన్నిటికీ డైరీ మందు అనుకోవడం వల్లే చాలామంది విసిగిపోయి మానేస్తున్నారు అని నా గట్టి నమ్మకం.

అసలు దీనికి ఆధారం ఏమైనా ఉందా అని అడిగేవాళ్ళకు, మనకు దగ్గర్లోని బెంగళూరు కేంద్రంగా ఉన్న కంపెనీలో జరిగిన ఒక ప్రయోగం చెప్తా. విప్రోలో కొత్తగా చేరినవాళ్ళకు ట్రైనింగ్ ఇస్తున్నప్పుడు ఒక గ్రూపును రోజు చివర 15 నిమిషాలు పని ఆపించి ఆరోజు నేర్చుకున్నది రాసుకోమన్నారు, ఇంకో గ్రూపు ఆ 15 నిమిషాలు కూడా పనే చేసింది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ తరఫున 2014లో బయటికొచ్చిన ఆ పేపర్ ప్రకారం రాసుకున్న గ్రూపు చివరి పరీక్షలో దాదాపు 23 శాతం మెరుగ్గా చేసింది. రాసుకున్నాక తోటివాళ్ళకు ఐదు నిమిషాలు వివరించిన గ్రూపు కూడా ఇంచుమించు అంతే బాగా చేసింది. ఇక్కడ నాకు నచ్చింది ఏమంటే, వాళ్ళు పనిచేసిన టైము తక్కువ, అయినా ఫలితం ఎక్కువ. పని మధ్యలో ఆగితే టైము దండగ అనుకునే మేనేజర్లకు చూపించాల్సిన ముక్క ఇది. కాకపోతే అది ట్రైనింగులో ఉన్న కొత్తవాళ్ళ మీద చేసింది, అక్కడి పరీక్ష మార్కులు వేరు, జనాలతో, రోగులతో, పిల్లలతో పని వేరు, కాబట్టి ఆ 23ని పట్టుకుని మన దగ్గర కూడా అంతే వస్తుందని లెక్క కట్టకూడదు.

థియరీ గురించి ఎక్కువ చెప్పను. 1983లో డొనాల్డ్ షోన్ అనే ఆయన రెండు రకాలుగా విడదీసినాడు, పని జరుగుతుండగానే ఆలోచించి దారి మార్చుకోవడం ఒకటి, పని అయిపోయినాక వెనక్కి తిరిగి చూసుకోవడం ఇంకొకటి. మొదటిది మనవాళ్ళకు బాగా వచ్చు. మా ఫ్రెండు సర్వీస్ సెంటర్లో పెద్ద మెకానిక్ ఉన్నాడు, బండి స్టార్ట్ చేసి చెవి పెట్టి వింటాడు, ప్లగ్గు అనుకుని విప్పినవాడు మధ్యలోనే ఆగి కాదు ఇది కార్బొరేటర్ అంటాడు. ఆ ఆగడమే షోన్ చెప్పిన మొదటి రకం. కానీ సాయంత్రం కుర్రోళ్ళు "ఎట్లా కనుక్కున్నావన్నా" అంటే "చేస్తా చేస్తా ఉంటే అదే తెలుస్తుంది పో" అంటాడు, ఆయన చేతిలో ఉన్నది పక్కోడికి అందదు. రెండో రకం లేకపోతే వచ్చే నష్టం అదే, పని వస్తుంది గానీ మాటల్లోకి రాదు, మాటల్లోకి రానిది ఇంకొకరికి నేర్పలేము. కింద పోల్చేవన్నీ ఈ రెండో రకానికి దారులే.

రాసుకోవడం

రాసుకోవడంలోనే మూడు దారులున్నాయి, అన్నీ ఒకటే అనుకోవద్దు.

మొదటిది మామూలు డైరీ, ఏం తోస్తే అది. ఇది రాయడం మీద ఇష్టం ఉన్నవాళ్ళకే. మిగతావాళ్ళకు రెండు మూడు రోజులకే "ఉదయం వచ్చినా, పని చేసినా, పోయినా" అనే లెక్కపద్దు అయిపోతుంది. మనసు తేలిక పడటానికి మంచిదే, పని మారడానికి నేను దీన్ని సలహా ఇవ్వను.

రెండోది మూడు ప్రశ్నలు. ఏం జరిగింది, అయితే ఏంటి, ఇప్పుడేం చేయాల. 1970లో టెర్రీ బోర్టన్ అనే అమెరికా టీచర్ ఈ మూడు ప్రశ్నలు పెట్టినాడు, తర్వాత 1994లో డ్రిస్కాల్ దాన్ని నర్సుల పనికి అమర్చినాడు. నేను ఎవరికైనా మొదట చెప్పేది ఇదే. ఎందుకో చూపించడానికి ఏడో తరగతి భిన్నాల క్లాసు మీద ఒక నోటు ఎట్లా ఉండాలో రాస్తా.

ఏం జరిగింది: 1/3 పెద్దదా 1/4 పెద్దదా అని అడిగితే వెనక రెండు బెంచీల వాళ్ళు 1/4 అన్నారు. ఎందుకు అంటే 3 కన్నా 4 పెద్దది కదా సార్ అన్నారు.
అయితే ఏంటి: కింద ఉన్న అంకెను ముక్కల లెక్క అనుకోవట్లేదు, మామూలు సంఖ్య అనుకుంటున్నారు. నేను బోర్డు మీద గుండ్రాలు గీసి చూపించినా, వాళ్ళ చేతికి ఏమీ ఇవ్వలేదు.
ఇప్పుడేం చేయాల: రేపు ఒకే పొడవున్న రెండు కాగితం పట్టీలు ఇచ్చి ఒకటి మూడు సమాన ముక్కలు, ఒకటి నాలుగు సమాన ముక్కలు వచ్చేట్టు వాళ్ళతోనే మడిపించాల. ఒక్కో ముక్క పక్కపక్కన పెట్టి చూడమనాల. లెక్క తర్వాతే.

అంతే, ఐదారు లైన్లు. ఇందులో చూడాల్సింది ఏమంటే, మొదటి లైనులో పిల్లోడు అన్న మాట అన్నట్టే ఉంది. "పిల్లలకు అర్థం కాలేదు" అని రాసి ఉంటే రెండో ప్రశ్నకు జవాబే దొరకదు, ఏం అర్థం కాలేదో మనకే తెలీదు కాబట్టి. నర్సు అయినా, సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్ అయినా, బ్యాంకు కౌంటర్లో కూర్చున్నవాళ్ళయినా ఈ ఒక్క అలవాటు పట్టుకుంటే సగం పని అయినట్టే, ఎదుటి మనిషి అన్న మాటను అన్నట్టు రాయడం. ఇంకో సంగతి, మూడో జవాబు రేపే చేయగలిగేది అయి ఉండాల. "ఇకపై ఓపికగా ఉంటాను" అనేది జవాబు కాదు, అది మొక్కు.

మూడోది గిబ్స్ సైకిల్. 1988లో ఆక్స్‌ఫర్డ్ పాలిటెక్నిక్‌కు చెందిన గ్రాహం గిబ్స్ పెట్టిన ఆరు మెట్లు, జరిగింది చెప్పడం, అప్పుడు మనసులో ఏమనిపించింది, ఏది బాగుంది ఏది బాలేదు, ఎందుకట్లా అయింది, ఇంకేం చేసి ఉండొచ్చు, మళ్ళీ వస్తే ఏం చేస్తాం. నర్సింగ్ కాలేజీల్లో ఎక్కువగా నేర్పేది ఇదే. చాలా మంచి పద్ధతి, కానీ రోజూ వాడేది కాదు, సరిగ్గా రాస్తే ఒక్క సంఘటనకే అరగంట, ముప్పావుగంట పడుతుంది. నైట్ డ్యూటీ దిగి కడపలో ఎనిమిదింటి ఎండకు బస్టాండుకు పోయే అమ్మాయిని రోజూ ఆరు మెట్లు ఎక్కమంటే నాలుగోరోజు నోట్సు మంచం కింద ఉంటుంది. నెలకు ఒకటి, అదీ పెద్ద సంఘటన మీద, అట్లా వాడుకుంటే గిబ్స్‌ను మించింది లేదు. ముఖ్యంగా రెండో మెట్టు, అప్పుడు ఏమనిపించింది అనేది, మనవాళ్ళు దాటేస్తారు, "ఏమనిపిస్తుంది, డ్యూటీ కదా" అనేస్తారు. భయం వేసింది, అవమానం అనిపించింది అని కాగితం మీద పెట్టడానికే బిడియం. కానీ ఆ భయమే కదా ఆరోజు చేతిని ఆపింది, అది రాయకుండా కారణం ఎట్లా తెలుస్తుంది.

బయటి దేశం పోదామనుకునే నర్సులకు ఈ రాత ఇంకో రకంగా అక్కరకొస్తుంది. బ్రిటన్‌లో నర్సులు మూడేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యూ చేసుకోవాల, 2016 నుంచి ఉన్న పద్ధతి ప్రకారం అందులో ఐదు రిఫ్లెక్షన్ రాతలు పెట్టాల, వాటి మీద ఇంకో రిజిస్టర్డ్ నర్సుతో కూర్చుని మాట్లాడాల, దాంతోపాటు 35 గంటల నేర్చుకోవడం చూపించాల. మన పిల్లలు అక్కడికి పోయినాక ఇంగ్లీషు కన్నా ఈ రాత దగ్గరే ఎక్కువ తడబడతారని అక్కడున్నవాళ్ళు చెప్తుంటారు. ఇక్కడ తెలుగులో అలవాటు అయితే అక్కడ భాష మార్చుకోవడమే మిగులుతుంది.

నోటు దేంట్లో రాయాల అంటే, జేబులో పట్టే చిన్న పుస్తకం చాలు, ఎవరూ తెరవరు అనే నమ్మకం ఉన్న చోటు కావాల, అంతే. రోగి పేరు, ఆస్పత్రిలో చేరినప్పుడు ఇచ్చే ఐపీ నంబరు, పిల్లోడి పేరు, ఆధార్ నంబరు, ఇట్లాంటివి ఏ పరిస్థితిలోనూ రాయొద్దు. "యాభై దాటిన ఆయన, షుగర్" అంటే మీకు గుర్తొస్తుంది, దొరికినవాడికి ఏమీ తెలీదు.

వాయిస్ నోటు

రాయడం అంటే ఒళ్ళు బరువయ్యేవాళ్ళకు, చేతులు గ్రీజుతో ఉండేవాళ్ళకు, ఊళ్ళు తిరిగే ఆశా కార్యకర్తలకు, ఫీల్డ్ స్టాఫ్‌కు ఇది బాగా కుదురుతుంది. ఫోన్‌లో రికార్డర్ నొక్కి రెండు నిమిషాలు మాట్లాడితే చాలు. మన యాసలో మనం మాట్లాడుకుంటే అసలు సంగతి తొందరగా బయటికొస్తుంది, కాగితం మీద గ్రాంథికం పట్టుకుని వేలాడేవాళ్ళు కూడా ఫోన్‌కు నిజం చెప్తారు.

కష్టం ఎక్కడంటే, ఎవరూ మళ్ళీ వినరు. రికార్డింగులు పేరుకుపోతాయి. దానికి ఒకటే విరుగుడు, వాయిస్ టైపింగ్ పెట్టుకోవడం, తెలుగులో ఇప్పుడు బాగానే పడుతోంది, తప్పులు ఉన్నా మనకు అర్థమవుతుంది, కళ్ళతో చదవడం వినడం కన్నా చాలా తొందర. ఇంకో జాగ్రత్త, పల్లెవెలుగు బస్సులో కూర్చుని మాట్లాడొద్దు. ఓర్వకల్లు నుంచి కర్నూలు వచ్చేలోపు మీ ఆఫీసు సంగతంతా ముందు సీటు వాళ్ళకు తెలిసిపోతుంది, అందులో ఒకరు మీ ఆఫీసు మనిషికి చుట్టం అయి ఉంటారు. దిగి ఇంటికి నడిచేటప్పుడు మాట్లాడండి.

రాతతో పోలిస్తే వాయిస్‌లో ఇంకో తేడా ఉంది. రాసేటప్పుడు చేయి నెమ్మదిగా పోతుంది కాబట్టి ఆలోచన కూడా ఆగి ఆగి పోతుంది, మాట్లాడేటప్పుడు కోపం ముందు పరిగెత్తుతుంది. కోపంలో ఉన్న రోజు వాయిస్ నోటు పెడితే అది ఎదుటివాడి మీద ఫిర్యాదుగానే ముగుస్తుంది. ఆరోజు మానేసి మర్నాడు పొద్దున పెట్టుకోవడం మేలు.

ఒక మనిషితో మాట్లాడటం

నన్నడిగితే అన్నిటికన్నా బలమైనది ఇది, దొరకడం కష్టమైనదీ ఇదే.

మా చిన్నమ్మ కూతురుకు జరిగింది చెప్తా. వార్డులో ఒక పేషెంట్ తాలూకు ఆయన అందరి ముందు అరిచినాడు. ఆ పిల్ల ఏడ్చుకుంటూ ఇన్‌చార్జ్ సిస్టర్ దగ్గరికి పోయింది. తర్వాత నాకు చెప్పిన మాటలు ఇవి.

"అక్కా, ఆయప్ప నోటికొచ్చినట్టు తిట్టినాడు, నేనేం చేసినానని?"
"అది తర్వాత చూద్దాం మే. ఆయప్ప నిన్ను అడిగిన మొదటి మాట ఏంది?"
"డాక్టర్ ఎప్పుడొస్తాడు అని."
"నువ్వేమన్యావు?"
"తెలీదు అన్యా."
"తెలీదు అని పోయినావా, కనుక్కోని చెప్తా అన్యావా?"

ఆ పిల్ల కాసేపు గమ్మున ఉండి "పోయినా" అనింది. ఆ సిస్టర్ అంతకుమించి ఏమీ అనలేదు, టీ తాగుదాం రా అనింది. తప్పు నీదే అనలేదు, పాపం నీ తప్పు లేదులే అని కూడా అనలేదు, అడిగింది అంతే. ఆ తర్వాత నుంచి మా పిల్ల రౌండ్స్ టైము ముందే కనుక్కుని పెట్టుకుంటోంది, అడిగినవాళ్ళకు "పదకొండు లోపల వస్తారు, ఆలస్యమైతే నేనే వచ్చి చెప్తా" అంటుంది. అరుపులు పూర్తిగా ఆగిపోయినాయని చెప్పను గానీ చాలా తగ్గినాయట.

మనిషిని ఎంచుకునేటప్పుడు చూడాల్సింది ఇదే, అడిగే మనిషా, చెప్పే మనిషా అని. మనం సగం చెప్పకముందే "మా కాలంలో అయితే" అని మొదలుపెట్టే సీనియర్ ఎంత అనుభవం ఉన్నా దీనికి పనికిరారు, వాళ్ళ దగ్గర వేరేవి నేర్చుకోవచ్చు. వెంటనే "అయ్యో పాపం" అనే ప్రాణస్నేహితులు కూడా ఈ పనికి కుదరరు, ఓదార్పు దొరుకుతుంది, రేపటికి ఏమీ దొరకదు. మీ ఇంక్రిమెంటు, మీ ట్రాన్స్‌ఫరు, మీ సీఆర్ (పనితీరు మీద పైవాళ్ళు రాసే రిపోర్టు) ఎవరి చేతిలో ఉందో వాళ్ళతో అసలు వద్దు, ఎంత మంచివాళ్ళయినా సరే, మన నోరే మనకు తెలీకుండా జాగ్రత్త పడిపోతుంది. పక్క సెక్షన్ వాళ్ళు, పక్క బడి వాళ్ళు, రిటైర్ అయినవాళ్ళు, ఇట్లాంటి దూరం ఉంటే బాగుంటుంది. నెలకు ఒకసారి, సాయంత్రం ఒక గంట, ఇద్దరూ చెరొక సంఘటన తెచ్చుకోవాల. ఒకరే ఎప్పుడూ చెప్పుకునేవాళ్ళయితే రెండోవాళ్ళు మెల్లగా తప్పించుకుంటారు.

టీం కూర్చోవడం

ఇదే ఎక్కడ వాడాలో ఎక్కడ వాడకూడదో తేడా తెలీక ఎక్కువగా చెడుతోంది, కాబట్టి కొంచెం వివరంగా రాస్తా.

అదే వార్డులో సాయంత్రం యాంటీబయాటిక్ తరచూ లేటయ్యేది. ఒక్కో నర్సు ఎవరికి వాళ్ళు నోటు రాసుకుంటే ప్రతి నోటులోనూ "నేను ఇంకా తొందరగా చేయాల" అనే వస్తుంది. అందరూ ఒకచోట కూర్చుని ఏ రోజు ఎంత లేటయింది అని చెప్పుకుంటేనే బయటపడింది, ఇండెంట్, అంటే మందులు కావాలని వార్డు నుంచి రాసి పంపే కాగితం, పోయే టైమూ ఫార్మసీలో డ్యూటీ మారే టైమూ ఒకటే, ఆ సందులో కాగితం ఎవరి చేతిలోనూ ఉండదు. ఇండెంట్ అరగంట ముందు పంపడం మొదలుపెట్టినారు. ఇది ఏ ఒక్క నర్సు ఎంత లోతుగా ఆలోచించినా దొరికేది కాదు. ఏర్పాటులో ఉన్న లోపాన్ని మనిషి నెత్తిన వేసుకుని కుమిలిపోవడం, సొంతంగా రాసుకునే పద్ధతికున్న పెద్ద ప్రమాదం. అందుకే మీ నోట్సులో ఒకే సంగతి మూడోసారి వచ్చిందంటే అది టీం ముందు పెట్టాల్సిన సంగతి అని నేను చెప్తుంటా.

కూర్చున్నాక ఎట్లా మాట్లాడాల అంటే, 1970లలో అమెరికా సైన్యంలో మొదలైన పద్ధతి ఒకటి ఉంది, ఆఫ్టర్ యాక్షన్ రివ్యూ అంటారు, ఇప్పుడు ఆస్పత్రులు, కంపెనీలు కూడా వాడుతున్నాయి. నాలుగే ప్రశ్నలు. ఏం జరగాలని అనుకున్నాం, ఏం జరిగింది, తేడా ఎందుకొచ్చింది, ఈసారికి ఏది అట్లే ఉంచాల ఏది మార్చాల. సైన్యంలో అయినా సరే ఆ కాసేపు ర్యాంకు పక్కన పెట్టి సిపాయి కూడా తాను చూసింది చెప్పాల, అదే దాని ప్రాణం. మన దగ్గర ఆ ర్యాంకు పక్కకు పోదు. కడప అయినా కర్నూలు అయినా పెద్దాయన కుర్చీలో కూర్చుంటే చిన్నోళ్ళు గోడకు ఆనుకుని నిలబడతారు, నోరు మెదపరు. దీనికి ఒక చిన్న మార్గం, మొదటి రెండు ప్రశ్నలకు జవాబు అందరూ చీటీ మీద పేరు లేకుండా రాసి పెట్టేది, పెద్దాయన వాటిని చదవాల, మాట్లాడటం ఆఖర్న.

ఎర్రగుంట్ల, తాడిపత్రి వైపు సిమెంట్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళకు ఇది కొత్త కాదు, షిఫ్టు మొదట్లో టూల్‌బాక్స్ టాక్ అని జాగ్రత్తల మీద చిన్న మాటామంతీ ఉంటుంది, కొద్దిలో తప్పిన ప్రమాదాల మీద నియర్ మిస్ రిపోర్టు ఉంటుంది. అక్కడ బాగా జరిగే చోట్ల నేను గమనించింది ఒకటే, దెబ్బ తగలకుండా తప్పించుకున్నవాడు చెప్తే చివాట్లు పడవు. చివాట్లు పడితే మరుసటి వారం నుంచి ఫ్యాక్టరీలో నియర్ మిస్సులే ఉండవు, కాగితం మీద.

పెద్ద సంఘటన జరిగిన రోజే టీంను కూర్చోబెట్టొద్దు. ఒకరి మీద ఒకరు మండిపడుతుంటారు, రెండు రోజులు ఆగితే మాట మెత్తబడుతుంది, పది రోజులు ఆగితే అందరూ మర్చిపోతారు, మధ్యలో పట్టుకోవాల.

వీడియో, కోర్సు, ఏఐ

వీడియో టీచర్లకు, ట్రైనర్లకు మంచిది. ఫోన్ కిటికీ దగ్గర పెట్టి మీ వైపు మాత్రమే తిప్పి పావుగంట తీయండి, ప్రశ్న అడిగి జవాబుకు ఎంతసేపు ఆగుతున్నామో చూస్తే చాలామంది అవాక్కవుతారు, రెండు సెకన్లు కూడా ఆగం. పిల్లల ముఖాలు పడొద్దు, హెచ్ఎంకు చెప్పి తీయండి, చూసినాక డిలీట్ చేయండి. నెలకోసారి చాలు.

కోర్సుల సంగతి, 2017లో వచ్చిన దీక్ష అనే ఆన్‌లైన్ కోర్సుల ప్లాట్‌ఫాం టీచర్లకు తెలిసిందే, మిగతా ప్రభుత్వ ఉద్యోగులకు ఐగాట్ కర్మయోగి ఉంది. 2020 జాతీయ విద్యా విధానం టీచర్లు ఏడాదికి కనీసం 50 గంటలు ఇట్లాంటి నేర్చుకోవడంలో పాల్గొనాలని చెప్తుంది. సర్టిఫికెట్లు సర్వీసుకు కావాల, చేయండి. కానీ వీడియో పక్కన ఆడుతుంటే జవాబు పత్రాలు దిద్దుకోవడం నేర్చుకోవడం కాదని మనందరికీ తెలుసు. కోర్సు అయిపోయిన రోజే "ఇందులో నా క్లాసులో సోమవారం వాడేది ఏది" అని ఒక్క లైను రాసుకుంటే ఆ గంటలు దక్కుతాయి.

ఇప్పుడు కొందరు జరిగిందంతా ఏఐ చాట్‌లో పెట్టి సలహా అడుగుతున్నారు. అర్ధరాత్రి ఎవరూ దొరకనప్పుడు ప్రశ్నలు అడిగించుకోవడానికి పనికొస్తుంది, "సలహా వద్దు, నన్ను ఒక్కో ప్రశ్న అడుగు" అని చెప్పి వాడండి. పేర్లు, ఆఫీసు పేరు, రోగి వివరాలు పెట్టొద్దు. మన ఆఫీసులో ఎవరు ఎవరికి చుట్టమో దానికి తెలీదు కాబట్టి అది ఇచ్చే పరిష్కారాలు కాగితం మీద చక్కగా ఉంటాయి, మర్నాడు పనిచేయకపోవచ్చు.

ఇక ఎవరికి ఏది

కొత్తగా డీఎస్సీలో వచ్చిన టీచరా, మూడు ప్రశ్నల నోటు, రోజుకు ఒక్క పీరియడ్ మీదే, అన్ని పీరియడ్ల మీద రాయబోతే నెల తిరక్కుండా మానేస్తారు. లెసన్ ప్లాన్‌లో గడి ఎట్లాగూ నింపాల, అది ఆఫీసు కోసం, మీ నోటు వేరే పుస్తకంలో. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో ఇద్దరు ముగ్గురు మనసుకు దగ్గరైనవాళ్ళు తగిలితే భోజనం తర్వాత ఆ అరగంట వాళ్ళతో ఒక పాఠం మీద మాట్లాడుకోండి, అది ఉపన్యాసాల కన్నా మేలు.

స్టాఫ్ నర్సులకు రోజూ రాయమని నేను చెప్పను. షిఫ్టులు మారుతుంటాయి, నిద్ర సరిగ్గా ఉండదు. వారానికి రెండు వాయిస్ నోట్లు, నెలకు ఒక గిబ్స్, నమ్మకమైన ఒక సీనియర్. అంతకన్నా పెట్టుకుంటే అదే ఇంకో డ్యూటీ అవుతుంది. రోగి చనిపోయిన రోజో, పెద్ద గొడవ జరిగిన రోజో అసలు పుస్తకం తీయొద్దు, మనిషి దగ్గరికి పోండి.

గ్రామ సచివాలయం వాళ్ళకు, మండల ఆఫీసుల్లో ఉన్నవాళ్ళకు పని రకరకాలుగా వస్తుంది, ఈరోజు పెన్షన్లు, రేపు సర్వే. వీళ్ళకు రోజువారీ నోటు కన్నా ఒక పని పూర్తయినాక నలుగురు కూర్చుని నాలుగు ప్రశ్నలు అనుకోవడం బాగా కుదురుతుంది. పెన్షన్ల పంపిణీ అయిన మర్నాడు ఇరవై నిమిషాలు కూర్చుంటే, వేలిముద్ర పడని ముసలోళ్ళు ఎవరెవరు, వాళ్ళ ఇంటికి ఎప్పుడు పోవాల అనేది వచ్చే నెలకు చేతిలో ఉంటుంది.

వర్క్‌షాపులు, షోరూంలు, చిన్న వ్యాపారాల్లో రాతకోతలు పెట్టకండి. షట్టర్ దించే ముందు పది నిమిషాలు, "ఈరోజు ఏ బండి తిరిగొచ్చింది, ఎందుకొచ్చింది" అనే ఒక్క ప్రశ్న. రిపేరు చేసి పంపిన బండి మళ్ళీ వచ్చిందంటే అందులోనే పాఠం ఉంది. మా ఫ్రెండు ఆ ప్రశ్నను గోడ మీద బోర్డుకు రాసి పెట్టినాడు, పెద్ద మెకానిక్ కూడా ఇప్పుడు కుర్రోళ్ళకు రెండు మాటలు విడమరిచి చెప్తున్నాడు.

ఏ పద్ధతి అయినా ఒకటి గమనించుకోండి. ఆలోచించే కొద్దీ "నాకే ఎందుకిట్లా జరుగుతుంది" అనే మాట చుట్టూనే తిరుగుతున్నారంటే అది నేర్చుకోవడం కాదు, పాత గాయాన్ని గీరుకోవడం. "ఎందుకు" పక్కన పెట్టి "ఏం జరిగింది, తర్వాత ఏం చేస్తా" అనేవాటికి దిగండి. అప్పటికీ నిద్ర పట్టకుండా, అన్నం సహించకుండా రెండు మూడు వారాలు గడిస్తే నోటు పుస్తకం పక్కన పెట్టేసి డాక్టర్‌ను కలవాల, సిగ్గుపడే సంగతి కాదు.

ఒక నెల చేసి చూశాక ఉంచాలా మార్చాలా అనేదానికి నేను చూసే గుర్తు ఒకటే. ఈ నెలలో నా పనిలో మారిన ఒక్క సంగతి చెప్పగలనా. చెప్పగలిగితే ఆ పద్ధతి మీది. పుస్తకం నిండింది గానీ పనిలో ఏమీ మారలేదంటే ఇంకోదానికి మారండి, రాతలోంచి మాటకు, లేదా ఒంటరిగా కాకుండా ఇద్దరుగా.

హెచ్ఎంలకు, ఇన్‌చార్జ్ సిస్టర్లకు, సూపర్‌వైజర్లకు కొంచెం విడిగా చెప్పాల. దయచేసి స్టాఫ్ సొంత నోట్లు అడగకండి, చెక్ చేయకండి, సంతకాలు పెట్టకండి. సంతకం పడిన మరుక్షణం అది మీకోసం రాసే రాత అయిపోతుంది. మీరు ఇవ్వాల్సింది టైము, డ్యూటీ లోపలే పదిహేను నిమిషాలు, ఇంటికి పోయే టైములో కాదు. టీం మీటింగు పెడితే మొదటిసారి మీ పనిలో సరిగ్గా రానిదాన్నే ముందు పెట్టండి, స్టాఫ్‌ది కాదు. శనివారం సాయంత్రం మాత్రం పెట్టొద్దు, అనంతపురం బస్సు, నంద్యాల బస్సు పట్టుకునే తొందరలో అందరూ "ఏమీ లేదు సార్, అంతా బాగుంది" అనే అంటారు. బుధవారమో గురువారమో, లంచ్ అయినాక, టీ తెప్పించి పెట్టండి.